కొండను తవ్వి

రాలీ నుంచి బర్న్స్‌విల్‌కి నాలుగు గంటలు.
వెనక సీట్లో మూడు ఫైళ్ళు,
పక్క సీట్లో మార్కుల పట్టిక.
ఒకటి నుంచి ఐదు దాకా వేయొచ్చు.
అరమార్కులు లేవు, సిస్టమ్ ఒప్పుకోదు.

మొదటి ఫైలు అందమంతా అట్ట మీదే.
వాగు మీద చెక్క వంతెన, ఎర్ర రిబ్బను,
ఒక్క కత్తెర పట్టుకుని పన్నెండు చేతులు.
వంతెన కింద చేపల సంగతి
అనుబంధం గ-లో చూడమన్నారు.
ఖ తరవాత ఫైలు అయిపోయింది.

రెండోది హెమ్లాక్ చెట్లకి మందు.
కొమ్మల కింద దూదిలా పట్టి
చెట్టు ప్రాణం పీల్చేసే పురుగుకి విరుగుడు.
తొమ్మిది వందల చెట్లకి పోశామన్నారు.
మ్యాపు మీద చుక్కలు పరిచి చూస్తే
సగం చుక్కల మీద మిగతా సగం ఎక్కి కూర్చున్నాయి,
అన్నీ రోడ్డుకి ఇరవై అడుగుల లోపలే.
వాలు ఎక్కడం కష్టమే, పాపం, నేనూ ఎక్కలేకపోయాను.
కాకిలెక్క అన్న మాటకి ఇంగ్లీషు దొరక్క
"గణాంకాల్లో మరింత స్పష్టత అవసరం" అని రాశాను.

మూడోది డెల్ఫియా క్రీస్‌మన్‌ది.
అరవై ఎనిమిదేళ్ళు,
ముప్పై ఏళ్ళు ఈ మలుపుల్లో స్కూలు బస్సు నడిపింది.
ఇచ్చింది నలభై ఒక్క వేల డాలర్లు.
ముప్పై ఎనిమిది డాలర్ల నలభై సెంట్లు మిగిలితే
చెక్కు రాసి రిపోర్టుకి గుండుసూదితో గుచ్చింది.
ఆ చెక్కు ఏ ఖాతాలో వేయాలో
మా ఆఫీసులో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

అరవై చెక్కపెట్టెలు, స్ప్రూస్ చెట్లకి,
రెండు నిలువుల ఎత్తులో, ఎగిరే ఉడతల కోసం.
మొదటి చలికాలం: సున్నా.
రెండో చలికాలం: ఒకటి.
సున్నాని సున్నా అనే రాసింది.
"ప్రాథమిక దశలో ఆశాజనకం" అనలేదు.

పట్టికలో ఒక గడి ఉంది, ఒక్కో జంతువుకి అయిన ఖర్చు.
ఒకటితో భాగించడానికి కాలిక్యులేటర్ ఎందుకు?
నలభై వేల తొమ్మిది వందల అరవై ఒక్క డాలర్లు, చిల్లర.
గడి దానంతటదే ఎర్రబడింది.

కొండను తవ్వి ఎలుకను పట్టారని
మావాళ్ళు వెక్కిరిస్తారు.
అది గుర్తొచ్చి కారులో ఒక్కదాన్నే నవ్వాను.
మర్నాడు నిచ్చెన చెరో కొసా మోస్తూ
ఆవిడకీ చెప్పాను.
ఆవిడ నవ్వలేదు. ఆగి, భుజం మార్చుకుని,
"తవ్వకుండా పట్టాలి కదా, అందుకే ఇంత టైము" అంది.

జనవరి. మంచు కాదు, పొగ గడ్డకట్టి
ప్రతి ఆకు అంచుకీ తెల్లటి గరుకు.
ముప్పై ఒకటో పెట్టె.
గ్లవ్ తీసి చెయ్యి పెట్టమంది.
లోపల నాచు, పీచుపీచుగా చీల్చిన బర్చ్ బెరడు.
ఉడత లేదు.
వెచ్చగా ఉంది.
ఎవరో ఇప్పుడే లేచి బయటికెళ్ళిన పక్కలా.

రాత్రి మోటెల్‌లో హీటరు దగ్గుతోంది.
రిమార్కులకి రెండు వందల యాభై అక్షరాలు.
"గూడు వెచ్చగా ఉంది" అని కొట్టాను.
ఆధారం జతచేయండి, అంది సిస్టమ్.
నా అరచెయ్యి వైపు కాసేపు చూసుకున్నాను.
తరవాత ఆ వాక్యం తీసేశాను.

మూడు వేశాను. ఐదుకి మూడు.
నాలుగు వేయాల్సింది.
వంతెనకీ మూడే వేశాను,
నన్ను తినేస్తున్నది అదీ.

రెండో విడత డబ్బు వంతెనవాళ్ళకి వెళ్ళింది.
ఇంకో వంతెన కడతారట, మొదటిదాని పక్కనే.

నిన్న డెల్ఫియా నుంచి ఈమెయిల్.
నమస్కారం లేదు, నిష్ఠూరం లేదు.
"నలభై నాలుగో పెట్టె. బెరడు తాజాగా చీల్చింది.
నిచ్చెనకి మూడో మెట్టు విరిగింది,
మార్చాం."