రెండు గంటల నీడ

నియామే నుంచి తొమ్మిది గంటల బస్సు.
ఒళ్ళో గొట్టం, గొట్టంలో చుట్టిన కాగితాలు:
ఆటల హాలు, అద్దాల కిటికీలు పన్నెండు,
మెరిసే రేకుల కప్పు.
గీసింది నేనే.
ఏసీ కింద, స్వెట్టర్ వేసుకుని.

మేస్త్రీ ఇలియాసు వాటిని ఒక్కసారి చూసి
మళ్ళీ చుట్టి చంకలో పెట్టుకున్నాడు.
"ముందు బడికి పోదాం రండి."

బడి రేకులది. ఏప్రిల్ నెల. మధ్యాహ్నం రెండు.
నన్ను లోపల బెంచీ మీద కూర్చోబెట్టి
తను బయట వేపచెట్టు కిందికి పోయాడు.
నెత్తి మీద రేకు మెటికలు విరుచుకుంటోంది.
పెనం మీద అట్టులా
నేనే అటు తిరిగాను, ఇటు తిరిగాను.
పావుగంటకి బయటపడ్డాను.
ఆయనేమీ అడగలేదు.
నీళ్ళిచ్చాడు.

రోళ్ళు పగిలే ఎండ.
ఇక్కడి రోళ్ళు చెక్కవి, అందుకే పగల్లేదు.
సజ్జలు దంచే ఆడవాళ్ళు పొద్దుట గోడకి పడమటి పక్క,
పొద్దు వాలితే తూర్పు పక్క.
రోజుకి రెండుసార్లు
రోళ్ళు కాపురం మారుస్తాయి.
ఇది నా కాగితాల్లో ఎక్కడా లేదు.

సంత వెనక మాకిచ్చిన స్థలం:
మూడు వేపచెట్లు, వర్షాలకి కోసుకుపోయిన వాగు,
సగం కూలిన గాదె గోడలు రెండు.
మూడు చోట్ల థర్మామీటర్లు కట్టి
గంటకోసారి పుస్తకంలో రాసుకుంటున్నాను.
మేకలు కాసే అబ్సతు, పన్నెండేళ్ళది,
గంటకోసారి వచ్చి నా వెనక నిలబడి
నవ్వుకుని పోతోంది.

రెండయ్యేసరికి దాని మందంతా
నేను నీడ ఎక్కువనుకున్న చెట్టు వదిలేసి
ఆ రెండు పాత గోడల మధ్య
మనిషి పట్టనంత సందులో
కడుపులు నేలకి ఆనించి పడుకుంది.
థర్మామీటరు తీసుకెళ్ళి అక్కడ పెట్టాను.
నాలుగు డిగ్రీలు తక్కువ.
ఊరంతా ఊపిరి బిగబట్టినవేళ
ఆ సందులో మాత్రం గాలి నడుస్తోంది.

తర్వాత మూడు రోజులూ నేను మేకల్నే గీశాను.
ఎనిమిదింటికి ఎక్కడ, పదకొండింటికి ఎక్కడ,
ఏ మేక ముందు లేచింది, ఎటు జరిగింది.

అప్పుడొచ్చింది గోడ.
పడమటికి రెండు మూరల మందం, మట్టిది,
కిటికీ లేదు, ఎండకి వీపు తిప్పిన మనిషిలా.
దాని తూర్పున కుస్తీ ఇసుక.
నాలుగింటికి నీడ అవతలి అంచు ముడుతుంది.
పైన మట్టి మిద్దె, మిద్దె మీద చేతెత్తు వదిలి రేకు,
మధ్యలోంచి గాలి పోవాలి.
గదికీ గదికీ నడుమ మేక పట్టే సందు.

ఇలియాసు తల ఊపాడు. బార్కే ఊపలేదు.
రోకలి ఎగరేసి, గాల్లో ఉండగా రెండు చప్పట్లు కొట్టి,
పడేలోపు పట్టుకుని అడిగింది:
"మీ కుర్రాళ్ళు ఒకణ్ణొకడు పడేసుకుంటేనే ఆటా?
మరి ఇదేంటి?"
ఆ రాత్రి ఆఫీసు గది కొట్టేశాను.
అక్కడ రోళ్ళకి గచ్చులు రెండు,
పొద్దుటికొకటి, సాయంత్రానికొకటి.

నియామేలో డైరెక్టరుగారు అద్దాలకోసం వెతికారు.
"ఈ చుక్కలేమిటి?"
"మేకలండీ."
చాలాసేపు నావైపు చూసి సంతకం పెట్టారు,
డబ్బు మాత్రం సగమే ఇచ్చారు.

ఆ సగంతో గోడ ఒక్కటే లేచింది.
కప్పు లేదు, గదులు లేవు, పేరు రాసిన పలక లేదు.
ప్రారంభోత్సవానికి ఎవరినీ పిలవలేదు.
నాలుగో రోజుకే
ఎవరో ఇసుక తెచ్చి పోశారు.
సాయంత్రాలు కుర్రాళ్ళ వీపులు
ఆ ఇసుక మీద ధనామని పడుతున్నాయట,
గోడ కొసన రోకళ్ళు లేస్తున్నాయట.

మళ్ళీ ఏప్రిల్‌లో వెళ్ళాను, కొలతల టేపుతో.
రెండు గంటలు. గోడ మొదట్లో
సన్నటి నీడ, చీర అంచంత.
అంచు పొడుగునా మేకలే.
కాస్త జరగమన్నాను ఒకదాన్ని.
జరగలేదు.