లిఫ్టు పనిచేయదు

లిఫ్టు చెడిపోలేదు.
ఆ బోర్డు నేనే తగిలించినా.
అట్టపెట్టె చింపి, నల్ల మార్కరుతో
నా వంకర రాతలో రాసినా:
"లిప్టు పనిచేయదు".
ఐదు నెలలైంది. ఎవురూ అడగలేదు.

మా కాలేజీకి గ్రౌండు లేదు.
కర్నూలు సీ క్యాంపు సందులో ఐదంతస్తులు,
కింద చెప్పుల షాపు, పక్కనే బేకరీ,
డాబా మీద నీళ్ల ట్యాంకులు.
నా పోస్టు మాత్రం పీఈటీ.
శనివారం ఆఖరి గంట నాది;
దాన్ని ఫిజిక్సు సారు చేబదులు తీసుకుంటాడు,
తిరిగిచ్చిన పాపాన పోలే.
మెడలో విజిలు నగ మాదిరి ఉంటాది.

పిల్లోళ్లను ఏమనాల?
తెల్లారి ఐదుకు స్టడీ అవర్,
రాత్రి పదికి ఇంకో స్టడీ అవర్,
నడుమ ఒక ఎగ్‌పఫ్, ఒక రంగునీళ్ల సీసా.
కోసిగి నుంచి వచ్చినోడు ఉరుకుందు,
పేరులోనే ఉరుకు ఉన్నోడు,
మొదటి రోజు రెండో అంతస్తులోనే
కమ్మీ పట్టుకొని నిలబడిపోయినాడు.
"ఏమప్పా, మీ నాయన మిరప మూటలు మోస్తాడు గదా?"
"నన్ను ముట్టనియ్యడు సార్. చదువుకోమంటాడు."

దానికి నా కాడ జవాబు లేదు.
ఆ సాయంత్రమే అట్టపెట్టె చింపినా.

నూటపన్నెండు మెట్లు.
దినానికి నాలుగు సార్లు.
తిట్టినారు, రొప్పినారు, మేనేజిమెంటును శపించినారు.
కబడ్డీలో విరిగిన మోకాలు నాది,
వాళ్ల ఎనకాలే నేనూ ఎక్కినా.
కాలు నొచ్చినప్పుడల్లా
ఇంకో మెట్టు నా తప్పుకు జుల్మానా అనుకున్యా.

మూడో అంతస్తు మలుపులో మా హుసేన్‌బీ
ఉడకేసిచ్చిన బుడ్డల సంచి పెట్టుకొని కూచుంటా.
ఎక్కి వచ్చినోళ్లకు గుప్పెడు.
కాశీం సార్ టోల్‌గేటు అని పేరు పెట్టినారు;
దుడ్లిచ్చే టోల్‌గేటు యాడన్నా ఉంటాదా?
కొన్ని దినాలు సద్దరొట్టె ముక్క, ఊరిబిండి.
ఊరిబిండి కారానికి కండ్లెంట నీళ్లొచ్చినా
చెయ్యి మళ్లీ చాపుతారు.

నవ్యశ్రీ మాత్రం చాపదు.
చున్నీ బిగించి, పొద్దున టిఫిను మాని,
అద్దంలో తనను తాను కోసుకుంటా ఉండే పిల్ల.
"వీటిలో ఎన్ని క్యాలరీలు సార్?"
"నాకు లెక్కలు రావమ్మా.
నీకొస్తాయి గదా,
ఆకలి ఎంతో నువ్వే కట్టి చెప్పు."
ఆమె నవ్వలేదు.
నాలుగు గింజలు తీసుకునింది.
ఇంకోరోజు తొక్కలు కూడా ఏరి బుట్టలో వేసింది.

పోయిన సోమవారం ప్రిన్సిపాలు మెకానిక్కును పిలిపించె.
అతను బటన్ నొక్కితే
లిఫ్టు బుద్ధిగా దిగొచ్చి తలుపు తీసింది.
నా మొగం సూడాల ఆ పొద్దు.
బోర్డు చెత్తలో పడింది.
మలుపులో సంచి పట్టుకొని ఒక్కణ్నే కూచున్యా,
బుడ్డలు చల్లారిపోయినాయి.

మంగళవారం పొద్దున
లిఫ్టు తలుపుకు కొత్త అట్ట.
గుండ్రని అక్షరాలు, నీలం సిరా,
నా తప్పు కూడా దిద్ది:
"లిఫ్టు పనిచేయదు".

పైనుంచి ఎవడో ఉరుకుతా దిగుతున్యాడు,
రెండేసి మెట్లు ఒక అంగలో.
"సార్, టోల్‌గేటు తెరవలేదా ఇంకా?"