బొటనవేలి కొలత

కిసుములో, బస్సుల అడ్డా పక్కన, మూడో అంతస్తులో
మూరెడు వెడల్పు తెర ముందు కూర్చుని
తొమ్మిదేళ్ల కిందట నేనే కట్టిన పేజీ అది.
పడవ పేరు, వలల లెక్క, ఒమేనా చేపల తడి బరువు,
ఎండు బరువు, ఐసు ఖర్చు, కమిషను,
అప్పు, అప్పు మీద అప్పు...
మొత్తం పద్నాలుగు నిలువు వరసలు.
ఒక్కో వరసకీ ఒక మీటింగు,
ఒక్కో మీటింగుకీ ఒక అలక.

ఇప్పుడు దాన్ని ఫోన్లో ఇమడ్చమన్నారు.
"ఏముంది ఒగాడా, కాస్త చిన్నది చెయ్యి"
అన్నాడు సంఘం కార్యదర్శి న్యాండిగా,
చొక్కా బిగుతైందని
మనిషిని కత్తిరించమన్నంత తేలిగ్గా.

చిన్నది చేశాను.
అక్షరాలు చీమలయ్యాయి.
బటన్లు ఆవగింజలయ్యాయి.
నా గదిలో, నా కళ్లద్దాలతో, నా పొడి వేళ్లకి
బాగానే ఉంది.

చూపిద్దామని రేవుకి వెళ్లాను.
తెల్లారుతోంది. సరస్సు మీద రాత్రి దీపాలు
ఒక్కొక్కటే ఆరిపోయి పడవలవుతున్నాయి.
అపొండి నడుం గుడ్డ ముడి విప్పి ఫోను తీసింది.
పగిలిన అద్దం, మూలన టేపు.
ఆమె బొటనవేలి నిండా వెండి పొలుసులు.
నొక్కింది, పలకలేదు.
తుడుచుకుని నొక్కింది,
అప్పు తెరవబోతే ఐసు తెరుచుకుంది.
పక్కకి జరిపింది, ఇంకా పక్కకి,
కరెంటు పోయిన ఇంట్లో గోడ తడుముకునే మనిషిలా.
పడవ పేరు ఎడమ అంచున మునిగిపోయింది.
ఏ పడవదో తెలియని అంకె ఒకటి
మధ్యలో తేలుతూ మిగిలింది.

"ఏం వెతుకుతున్నావు?"
"చివరిది" అంది.

పద్నాలుగోది. తిరిగొచ్చిన వేళ.
ఎవరో అడిగితే, చోటుంది కదా అని
కొసన అతికించిన గడి.
దాని కోసం ఏ మీటింగులోనూ ఎవరూ అలగలేదు.
నిన్న రాత్రే నా పుస్తకంలో దాని మీద గీత కొట్టి
"ఫోన్లో అనవసరం" అని రాసుకున్నాను.

ఆమె తమ్ముడు ఒచోలా పడవకి ఆ గడి ఖాళీ.
ఖాళీ గడిని కూడా చదువుతారని
నాకెవరూ చెప్పలేదు.
ఆమె దాన్నే చదువుతోంది,
పేజీ మళ్లీ మళ్లీ తెరిచి,
డేటా అయిపోతున్నా.

ఎనిమిదింటికి వచ్చింది పడవ,
ఇంజను చెడి, తెడ్లేసుకుంటూ.
అపొండి వాణ్ణి తిట్టాల్సినంతా తిట్టింది,
ఆ తర్వాత బుట్ట ఎత్తి తూకానికి నడిచింది.
వెనకాలే పరిగెత్తి పుస్తకం చాచాను,
"ఒక్కసారి నీ వేలు పెట్టు" అన్నాను.
"మళ్లీ అప్పు కాగితమా?" అని అనుమానంగా చూసింది.
"కాదు, కొలత" అన్నాను.
నవ్వి, పెట్టింది.
పెన్సిలుతో ఆ తడి ముద్ర చుట్టూ గీత గీశాను.

ఇప్పుడు పడవకో పలక.
పైన పేరు, పెద్దగా. దాని కిందే వచ్చిన వేళ.
ఆ కింద అప్పు. తక్కినవన్నీ మడత లోపల.
"కమిషను ఏదయ్యా?" అని న్యాండిగా ఫోను.
ఉంది సార్, కిందుంది, ఒక్క నొక్కు దూరంలో.
ఇది మాత్రం
నిజంగానే అలక మీటింగే అయింది.

నా పుస్తకంలో ఆ పేజీ ఇంకా చేపల వాసనేస్తోంది.
"బటను: నలభై ఎనిమిది పిక్సెళ్లు,
తగ్గకూడదు" అని రాసుకున్న చోట
పొలుసు ఒకటి అంటుకుని ఉంది.
గీకితే ఊడుతుంది.
గీకలేదు.