ముప్పై ఆరో గుంట

బారువ ఇసకలో మోచెయ్యి దాకా చెయ్యి దింపి
తవిటమ్మ అంటుంది: "జొరం."
నా థర్మామీటరు కాసేపు ఆలోచించుకుని
అదే మాట
ముప్పై రెండు పాయింట్ నాలుగు అంటుంది.

గుంట నంబరు ముప్పై ఆరు. గుడ్లు నూట పద్దెనిమిది.
ఫిబ్రవరి అమావాస్య మర్నాడు
కుక్కలకంటే ముందు లేచి
తడి కొంగులో మోసుకొచ్చి పాతినవి.

ఇసక చల్లగా ఉంటే మగవి, కాగితే ఆడవి.
తాబేలుకి ఆ ముక్క తల్లి చెప్పదు,
ఎండ చెబుతుంది.
మొదటిసారి విన్నప్పుడు
అడ్డపొగ నోట్లోంచి తీసి మరీ నవ్వింది,
నిప్పు లోపల పెట్టుకునే మాట్లాడే మనిషి.

"సోంపేట ఆస్పత్రి గోడమీద రాసుంటాది కాదేటి,
కడుపులోది ఆడో మొగో సెప్తే జైలని!
మరి నానీ కొబ్బరాకు కప్పితే
నన్నేటి సేస్తారు?"

ఇక్కడ గుంటంటే గొయ్యి. గుంటంటే ఆడపిల్ల కూడా.
ఆమెకి నలుగురు గుంటలు.
నాలుగోది పుట్టిన రోజు వేటకెళ్ళిన మొగుడు
సముద్రం బాగానే ఉన్నా మూడు రోజులు రాలేదు.
అలాంటి ఊరికి
ఆడవి ఎక్కువైపోతున్నాయి జాగ్రత్త అని
కాగితం పట్టుకుని నేనొచ్చాను.

నా సంచిలో రిపోర్టు. అందులో
రెండువేల అరవై మూడుసార్లు వస్తుంది.
ఒకసారి ఒడ్డే ఉండదు, రాళ్ళ గోడ ఉంటుంది.
ఒకసారి ఒడ్డుంటుంది, తల్లులొస్తాయి, తవ్వుతాయి, కప్పుతాయి,
లోపల ఏదీ కదలదు.
ఇంకోసారి
ట్రాలర్లు ఆ నాలుగు నెలలూ దూరంగా ఆగుతాయి,
సరుగుడు తోట వెనక్కి జరుగుతుంది,
రొయ్యల హేచరీ రాత్రి దీపాలార్పుతుంది.
అక్కడ మాత్రం "తగిన నిర్వహణ ఉన్నచో" అని ఉంది.

నిర్వహణంటే ఏటని అడిగింది.
కొబ్బరాకు చూపించాను.
ఆమె మూడు వేళ్ళు చూపించింది,
రావలసిన జీతం నెలలు.

సగం గుంటలకి నీడ, సగం ఎండకి.
సగమని ఏ శాస్త్రమూ చెప్పలేదు.
తిత్లీ గాలి వదిలేసిన చెట్లు పదకొండు,
వాటి ఆకులు అంతవరకే వచ్చాయి.
ముప్పై ఆరు దగ్గర అయిపోయాయి.
సగం ఆకు దానిమీద, సగం ఆకాశం.

ఏప్రిల్ మొదట్లో ఒక రాత్రి ఆ ఇసక కుంగింది.
తొంభై ఒకటి వచ్చాయి.
ఆడో మగో చూస్తే తెలియదు,
తెలియడానికి పదిహేనేళ్ళు పడుతుందన్నాను.
"ఓలమ్మ! అంతవరకు పేరెట్టకుండా ఉంచీడమే?"
నాలుగు హేచరీ దీపాల వైపు తిరిగాయి.
తిట్టుకుంటూ చెంగు అడ్డం పట్టింది.
అవి కాసేపు ఆ చీకటిని చూసి
అలల వైపు మళ్ళాయి.

టార్చి వెలుగు వేళ్ళసందుల్లోంచి పడేలా పట్టుకుని
ఫారం నింపాను.
చివర వ్యాఖ్యలనే గడి.
రెండువేల అరవై గురించి ఏదో రాయబోయి
కొట్టేసి,
కొబ్బరాకులు ముప్పై, అర్జంటు
అని రాశాను.