నలభై ఒకటి

మా గడియారంలో ఒంటిగంట. వాళ్ళ గడియారంలో ఏడు.
పొద్దు పొడిచినప్పటి నుంచే కదా లెక్కపెట్టాలి!
వాళ్ళు నడిరాత్రి నుంచి మొదలుపెడతారు,
నిద్రపోయిన గంటల్ని కూడా వదలరు.

తుపాకీ భుజానికి తగిలించుకున్నాను.
రెండు తూటాలు. పదకొండేళ్ళుగా అవే రెండు.
చిరుత వస్తే చాలవు,
రాకపోతే బరువు.

ఈరోజు నా వంతుకొచ్చినావిడ పేరు సిగ్రున్.
ఏదో మంచుదీవి అట, అక్కడా కొండలేనట.
కొండల్లోంచి కొండల్లోకి ఇంతదూరం ఎందుకొచ్చిందో
గైడు యిర్గా అడిగి చెప్పాడు గానీ
నాకు ఒంటబట్టలేదు.
మోకాలికి కట్టు. మెడలో బైనాక్యులర్స్. జేబులో చిన్న పుస్తకం.
కనబడ్డ ప్రతి ప్రాణినీ ఎన్నో లెక్కేసి రాసుకుంటుంది,
శిస్తు వసూలుకొచ్చిన గుమాస్తాలాగా.

సంకాబెర్ దాటాక అంచు.
అక్కడ నేల ఉన్నట్టుండి మాట తప్పుతుంది.
నిలబడ్డ చోట గడ్డి, అడుగు అవతల మేఘం,
మేఘం కింద ఎవరిదో జొన్నచేను,
అగ్గిపెట్టెంత ఊరు,
కోడికూత మాత్రం ఇక్కడిదాకా.
ఆవిడ బోర్లా పడుకుని కిందికి తొంగిచూసింది.
యిర్గా ఆవిడ బూటు పట్టుకున్నాడు.
నేను యిర్గా చొక్కా పట్టుకున్నాను.
నన్ను పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

గడ్డపు రాబందు ఎముకను బండమీదికి జారవిడిచింది.
టప్.
పగల్లేదు. మళ్ళీ ఎత్తుకుపోయింది. మళ్ళీ టప్.
నాలుగోసారికి ఆవిడే ఊపిరి వదిలింది,
తన ఎముకే విరిగినట్టు.

పగడపు రంగు బండల మధ్య వాలియా మేకపోతు,
వెనక్కి వంగిన కొమ్ములు, కదలని గడ్డం.
మా నాన్న దీన్ని ఎన్ని తిట్లు తిట్టేవాడో,
కంకి పడ్డ బార్లీ అంతా తినిపోతుందని.
ఇప్పుడు దీన్ని చూడ్డానికి డబ్బు కడుతున్నారు,
ఆ డబ్బులోంచే నా జీతం.
తిట్టు నాలుకదాకా వచ్చింది. మింగేశాను.

మధ్యాహ్నం వేయించిన బార్లీ గింజలు పంచుకున్నాం.
ఆవిడ చాక్లెట్ ఇచ్చింది.
నా చిన్నదానికని జేబులో పెట్టుకుంటే
ఎండకి కరిగి
తుపాకీ పట్టీకి అంటుకుంది.

ఆ తర్వాత పచ్చిక మైదానం.
జెలాడాలు.
కూర్చున్నచోటే జరుగుతూ, రెండు చేతులా గడ్డి పీకుతూ,
కలుపు తీసే కూలీల వరసలాగా
అందరూ ఒకేసారి ఏదో గొణుక్కుంటూ.
మగవాటి గుండెలమీద ఎర్రటి మచ్చ,
ఎప్పుడో కాలి మానినట్టు.
ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
తన బైనాక్యులర్స్ నా మెడలో వేసి, చూడు అంది.

చూశాను.
గడ్డిలో సగం కూరుకుపోయిన రాయి.
పల్లంగా, ఆవు వీపులా, మధ్యలో అరిగిన రాయి.
నిన్నటి వాన దాంట్లో నిలిచింది.
కోతిపిల్ల ఒకటి మూతి ఆనించి తాగుతోంది.
మా అమ్మ పిండి నూరిన రాయి అది.
ఆమె అత్త, ఆ అత్తకి అత్త.
ఊరు ఖాళీ చెయ్యమన్న రోజున
గాడిద మోయలేనని మొరాయిస్తే
అక్కడే దించేశాం.
దూరంగా ఉన్నది దగ్గరికి వస్తుందంటారు ఈ గాజులో.
రాలేదు. పెద్దదయింది, అంతే.

ఏం కనబడిందని ఆవిడ అడిగింది.
ఇక్కడ తాగడానికి నీళ్ళున్నాయన్నాను.
యిర్గా నాకంటే పొడుగ్గా ఏదో చెప్పాడు.

సాయంత్రం గుడారం ముందు పుస్తకం తెరిచింది.
పిట్టలు పంతొమ్మిది రకాలు, మేకపోతులు మూడు,
తోడేలు లేదు, రేపు చూద్దాం.
జెలాడాలు ఎన్నంటావు అస్మారె, అని నన్నే అడిగించింది.
నలభై ఒకటి, అన్నాను ఆలోచించకుండా.
రాసుకుంది.
కింద గీత గీసింది.

అవి మూడొందలు పైనే ఉంటాయి, యిర్గాకీ తెలుసు.
నావైపు చూశాడు, ఏమీ అనలేదు.
వాళ్ళ ఇల్లు పద్దెనిమిదోది,
వాగువైపు నుంచి లెక్కపెడితే.

చలి ఎక్కువైంది.
గబీ తలమీదుగా కప్పుకున్నాను.
పట్టీకి అంటిన చాక్లెట్ గోటితో గీకుతున్నాను,
ఇంకా కొంచెం తీపి ఉంది.