ఆఖరి డబ్బా వెనుక

పరీక్షలకు ఇంకా ఇరవై రెండు దినాలు.
సాయంత్రం స్పెషల్ క్లాసు,
స్టీలు గిన్నెలో ఉడకబెట్టిన శెనగలు,
బోర్డు మీద హిందీ సారు తుడవకుండా పోయిన దోహా.
దాని కిందనే రాసిన:
"నూటయాభై మీటర్ల పొడవున్న ఒక రైలు..."

జోజి చెయ్యెత్తిండు.
"నూటయాభై అంటే ఏడు డబ్బలే మేడం.
గంత పొట్టి బండి కాజీపేట మొకం చూడదు."
క్లాసంతా నవ్వింది.
డీజిల్ కాలనీ పిల్లలు, సోమిడి పిల్లలు,
నిద్రలో కూత వినబడితే బండి పేరు చెప్పేటోళ్లు.
వీళ్ల ముందు మా పుస్తకంలోని రైలు
టికెట్ లేకుండా దొరికిపోయింది.

ఏడేళ్లుగా అదే లెక్క చెబుతున్న.
ఐదు బై పద్దెనిమిది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగరు,
మంత్రం లెక్క చదువుతరు.
ప్లాట్‌ఫారం పొడవుకు బండి పొడవు కలపాలంటే
సగం మంది మరిచిపోతరు,
ఇంజను దాటంగనే బండి దాటిందనుకుంటరు.
ఎర్రపెన్నుతో ఎన్ని నోటు పుస్తకాల్లో రాసిననో:
తోక ఏది?

ఆ రోజు సుద్దముక్క కిటికీలో పెట్టి
"పదుండ్రి" అన్న.

బడి వెనుక గోడ, గోడ అవతల సర్కారు తుమ్మ,
తుమ్మల సందుల్లోంచి పట్టాలు.
మోచేతులు ఆనించి వరుసగా ఇరవై ఆరుగురు.
ఎదురుగా కరెంటు స్తంభం.
నా ఫోన్‌ల స్టాప్‌వాచ్ షాహిన్ చేతికిచ్చిన.
వాళ్ల నాయిన పాయింట్స్‌మన్.
ఆ పిల్లకు లెక్కల్లో ఇరవై మార్కులు దాటిన రోజు లేదు.

వచ్చింది బల్లార్ష ప్యాసింజర్.
డబ్బాలు లెక్కబెట్టే పని జోజిది,
వేళ్లు చాలక పక్కోని వేళ్లు అరువు తీసుకున్నడు.
కాళ్ల కింద నేల వణుకుతుంటే
ఇంజను స్తంభం దాటింది.
"దాటింది! దాటింది!" వెనుక నుంచి ఎవరో.
షాహిన్ బొటనవేలు కదల్లేదు.
"ఆగుండ్రి, ఇంక అయిపోలే."

పది. పదకొండు. పన్నెండు.
నొక్కింది.
పందొమ్మిది సెకన్లు.

మట్టిలో పుల్లతో లెక్క.
ఇరవైరెండు పన్నెండ్లు రెండువందల అరవైనాలుగు,
ఇంజనుకు ఇరవై.
పందొమ్మిదితో కొడితే
పదిహేనుకు ఒక్క మీటరు తక్కువ పడ్డది.
"ముక్కుకు అప్పిద్దాం మేడం" అన్నడు జోజి.
ఇచ్చినం.
పద్దెనిమిది బై ఐదు, గంటకు యాభైనాలుగు.
మంత్రాన్ని తిరగేసింది వాళ్లే,
నేను నోరు తెరవలేదు.

"ఎక్కడ ఆపాలో నీకెట్ల తెలిసింది?" అని షాహిన్‌ను అడిగిన.
"ఆఖరి డబ్బ ఎనక రెండు పసుపు గీతలుంటయి మేడం,
ఒకదాన్నొకటి కోసుకుంట."
"ఎక్స్!" అన్నరు ఇద్దరు ముగ్గురు.
"ఆఁ, అదే. బండి పోంగ మా అబ్బా అదే చూస్తడు.
అది కనబడకుంటె నడుమల డబ్బలు తెగినట్టు.
కనబడినంకనే
బండి మొత్తం వచ్చిందని రాస్తడు."

ఎనిమిదో తరగతి నుంచి వీళ్లకు నేనే చెప్పిన,
ఎక్స్ అంటే తెలియనిదని,
ఎటు పోయిందో వెతికి పట్టుకోవాలని.
ఈ పిల్ల ఇంట్లో ఎక్స్ అంటే
ఏదీ వెనుక ఉండిపోలేదని.

మర్నాడు స్లిప్ టెస్టు, ఐదో లెక్క రైలుదే.
షాహిన్ భాగహారంలో బోల్తా పడ్డది, జవాబు తప్పు.
కానీ ప్లాట్‌ఫారానికి బండి పొడవు కలిపింది,
కలిపి, దాని కింద గీత కూడా కొట్టింది.
మూడుకు రెండు వేసిన.
ఎర్రపెన్ను కాసేపు ఆ గీత మీదనే ఆగింది.

చీకటి పడంగ క్లాసు విడిచిపెట్టి
గేటు దగ్గర నిలబడుతున్న ఈ నడుమ,
బయటికొచ్చే ఒక్కొక్కరిని చూసుకుంట.
ఇరవై నాలుగు.
ఇరవై అయిదు.
లోపల జోజి
తెగిన సంచి జిప్పుతో ఇంకా కుస్తీ పడుతున్నడు.

నేనింకా నొక్కలేదు.