పదో నంబరు

"ఎంత స్పీడు మావుసా?" అని అడిగాడు
చెప్పుల షాపులో బిచిత్ర, నా కాలి దగ్గర గొంతుక్కూర్చుని.

ఏ స్పీడూ లేదు బాబూ.
ముప్పైనాలుగేళ్లు మగ్గం గుంటలో కూర్చుని పరిగెత్తినవాణ్ణి.
ఎడమ తొక్కు, కుడి తొక్కు, ఎడమ తొక్కు,
బరంపురం నుంచి కటకం దాకా ఎన్నిసార్లు పోయొచ్చానో
కూర్చున్న చోటు అంగుళం కదలకుండా.

ఇప్పుడు షుగరు.
డాక్టరమ్మ చీటీలో మాత్రల కింద గీత గీసి
'రోజూ, నెమ్మదిగా' అని రాసింది.
మేనల్లుడు ఒగ్గేసిన కాన్వాసు బూట్లేసుకుని
గోపాలపురం రోడ్డు మీద నాలుగు రోజులు.
అయిదో రోజు మడమలో ఎవరో మేకు దిగ్గొట్టి
తియ్యడం మర్చిపోయారు.

మొదటి జత నిప్పురంగు.
లోపల పలకుందట, అదే ముందుకి తోస్తుందట.
నన్ను తోసినవాళ్లు తక్కువా?
సొసైటీ సెక్రటరీ, పెళ్లిళ్ల గడువు, పట్టు ధర.
పక్కనెట్టు బాబూ.

రెండోది మరీ మెత్తన.
కెరటం వెనక్కి పోతుంటే
అరికాలి కింద ఇసక జారిపోయినట్టు.
నిలబడ్డానికే ఒకరు పట్టుకోవాల.

మూడోది బూడిదరంగు, అడుగు లావు,
పొదుగుతున్న పెట్టలా పెట్టెలో కూర్చునుంది.
నా చెయ్యి ఊరుకుంటుందా?
వేళ్లు దూర్చి పైగుడ్డ తిరగేశాను.
పడుగు లేదు, పేక లేదు,
ఒకే దారం తనకి తనే ఉచ్చులేసుకుంటూ పోయింది.
వంక దొరకలేదు.
దొరకనందుకు కాస్త కోపమొచ్చింది.

ఎడమ పాదం తొమ్మిది, కుడిది తొమ్మిదిన్నర.
తొక్కుడుచెక్క చేసిన తేడా.
"పెద్ద కాలికే కొనాల మావుసా,
వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండాల.
పదో నంబరు తీసుకో."
మా ఇంట్లో ఏదైనా చిన్నదానికే కొన్నాం ఇన్నాళ్లూ.
పెద్దదే ముడుచుకునేది.

గుమ్మం దాకా నడిచి రమ్మన్నాడు.
నడిచాను. ఇచ్ఛాపురం బస్సు పోతోంది,
పైన కట్టిన అరటిగెల ఒకటి ఊగుతోంది,
అది పడుతుందేమోనని చూస్తూ ఉండిపోయాను.
"ఎలా ఉంది?" అన్నాడు వెనక్కొచ్చాక.
ఏది? అన్నాను.
నవ్వి, పెట్టె మూత వెతుక్కున్నాడు.

నాలుగు వేల రెండొందలు.
బేరమాడితే మూడు వేల ఎనిమిదొందలు.
కుంభాల అంచు చీరకి పది రోజుల కూలి,
నీలవేణి చుట్టిన కండెలు లెక్కలోకి రాకుండా.
అవి ఎప్పుడూ రావు.

తెల్లారగట్ల నేనూ కూర్మారావు మాస్టారూ.
మాటాడుతూ పరిగెత్తగలిగితే అదే సరైన వేగమంటాడాయన,
ఆ వంకన కరెంటు బిల్లు గురించి
రెండు మైళ్లు తిడతాడు.
సైన్యం సెలక్షన్లకి తయారయ్యే కుర్రాళ్లు
బేగి బేగి మమ్మల్ని దాటిపోతారు.
వాళ్ల వెనక దుమ్ము కాసేపు నిలబడి
మేం వచ్చేసరికి కూర్చుంటుంది.
మడమలో మేకు లేదు.
ఉందో లేదో చూసుకోవడం ఏ రోజు మానేశానో తెలీదు.

నిన్న పొద్దున్న తాడు ముడి కొత్తగా ఉంది.
తెగిన పోగుని కలిపేటప్పుడు వేసే ముడి,
నాకంటే సన్నగా వేసే చెయ్యి ఇంట్లో ఒక్కటే.
కాలు పెడితే ముందుకి పోలేదు.
లోపల, ఆ బొటనవేలంత ఖాళీలోనూ ఇంకాస్త ముందుకీ,
రెండు బూట్లలోనూ పట్టు చిక్కుల ఉండలు,
ఒకటి ఎరుపు, ఒకటి చిలకాకుపచ్చ.

రాత్రిళ్లు మేడ మీద అడుగుల చప్పుడు
పిల్లి అనుకున్నాను ఇన్నాళ్లూ.

వంటింట్లో గిన్నెలు కడుగుతోంది, నా వైపు చూడలేదు.
ఉండలు తీసి కిటికీలో పెట్టాను.
పరిగెత్తి వచ్చి, చెమటారేదాకా ఎండలో ఉంచి,
ఎరుపు దేనిలోదో గుర్తులేక
రెండుసార్లు మార్చి,
మళ్లీ లోపలికి కుక్కాను.
గుంటలోకి కాళ్లు దింపి నాడె అందుకున్నాను.